గుమ్మానికి తాళం వేశారు సరే, పెరటి తలుపు సంగతేమిటి?

సారపాక: గోదావరికి అవతలి గట్టున రాములవారి గుడి, ఇవతలి గట్టున కాగితం మిల్లు. పరాయి ఊరివారికి ఈ తావు గుర్తు చెప్పాలంటే ఇంతకంటే సులువైన మాట లేదు. 1965లో నదిపై వంతెన పడింది. 1979లో మిల్లు ఉత్పత్తి ప్రారంభించింది. నాటినుంచి సారపాక పేరు చెబితే కాగితమే గుర్తుకు వస్తుంది.

అయితే ఇప్పుడు ఇక్కడి జనం కాగితాలు పట్టుకొని బారులు తీరేది మిల్లు గేటు వద్ద కాదు. మెయిన్ రోడ్డు మీది జిరాక్సు, నెట్ దుకాణాల ముందు. ఆధార్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, పోడు పట్టా, కుల ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ - ఒక్కొక్కరి సంచిలో ఒక్కో కట్ట. దుకాణంలోని అబ్బాయి వాటిని స్కానింగ్ మిషన్ మీద బోర్లా పెడతాడు, మీట నొక్కుతాడు, తిరిగి చేతిలో పెడతాడు. కాగితం ఇంటికి వెళుతుంది. దాని బొమ్మ మాత్రం కంప్యూటర్‌లో ఉండిపోతుంది.

ఈ సంగతి మనలో చాలామందికి తోచదు. ఇటీవల అలాంటి ఒక దుకాణంలో ఒక వృద్ధురాలికి తోచింది.

"నాయనా, నా కాగితాలు ఆ డబ్బాలో ఉన్నాయా, పోయినాయా?" అని అడిగింది.

"ఉన్నాయమ్మమ్మా. మళ్లీ నువ్వొచ్చినప్పుడు పని తేలిక" అన్నాడు అబ్బాయి.

"మరి రాత్రిపూట ఎవరన్నా తీసి చూస్తేనో?"

"పాస్‌వర్డ్ ఉంది. నేను తప్ప ఎవరూ తెరవలేరు."

ఆమె తల ఊపి వెళ్లిపోయింది. ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. తాను నమ్మినదే చెప్పాడు. కాని ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం ఏమిటో చూడాలని ఈ రచయిత వెంట ఉన్న మిత్రుడు దుకాణదారు అనుమతి తీసుకొని ఒక చిన్న పరీక్ష పెట్టాడు.

అయిదు నిమిషాల్లో

కంప్యూటర్ ఆపించాడు. జేబులోంచి వేలెడంత పెన్‌డ్రైవ్ తీసి గుచ్చాడు. అందులో లైనక్స్ అనే వేరొక నిర్వహణ వ్యవస్థ ఉన్నది. ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు. మిషన్ ఆన్ చేసి, తెర వెలిగే క్షణంలో ఒక మీట నొక్కి, "డిస్కు నుంచి కాదు, ఈ పెన్‌డ్రైవ్ నుంచి లే" అని దానికి చెప్పాడు. అది బుద్ధిగా విన్నది. విండోస్ అసలు నిద్రే లేవలేదు. నిద్ర లేవని కాపలావాడు పాస్‌వర్డ్ ఎలా అడుగుతాడు? అయిదు నిమిషాల్లో డిస్కులోని ఫోల్డర్లన్నీ తెర మీద వరుసగా నిలబడ్డాయి. వాటిలో అమ్మమ్మ ఆధార్ కార్డు కూడా ఉన్నది.

అబ్బాయి ముఖం పాలిపోయింది. "మరి నేను పెట్టిన పాస్‌వర్డ్ ఏమైంది?" అన్నాడు. ఏమీ కాలేదు, దాని చోట అది భద్రంగానే ఉన్నది. గుమ్మానికి తాళం వేసి పెరటి తలుపు బార్లా తెరిచిపెట్టినట్లయింది, అంతే. పల్లెటూళ్లలోనే కాదు, పట్నాల్లో పెద్ద పెద్ద ఆఫీసుల్లో కూడా ఎన్నో కంప్యూటర్లు ఇదే తీరులో ఉన్నాయంటే పాఠకులు ఆశ్చర్యపోనవసరం లేదు.

ముందు మేలుకొనేది ఎవరు?

కంప్యూటర్ మీట నొక్కగానే మొదట మేలుకొనేది విండోస్ కాదు. లోపలి పెద్ద పలక మీద, అంటే మదర్‌బోర్డు మీద, ఒక చిన్న చిప్పు ఉంటుంది. అందులో తయారీదారులే రాసిపెట్టిన ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. పాత మిషన్లలో దీని పేరు బయాస్, ఇప్పటివాటిలో యు.ఇ.ఎఫ్.ఐ. కీబోర్డు ఉన్నదా, జ్ఞాపకశక్తి సరిగా ఉన్నదా, డిస్కు పలుకుతున్నదా అని ఇది ఒక్కొక్కటిగా తనిఖీ చేసి, ఆ తరువాత విండోస్‌ను తట్టి లేపుతుంది. తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి పొయ్యి రాజేసే ఇంటి పెద్దకోడలి వంటిది. ఎవరిని లేపాలో, ఎవరిని లేపకూడదో దాని చేతిలోనే ఉన్నది.

కనుక అసలు తాళం అక్కడ వేయాలి.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1981లో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. 1984లో వచ్చిన దాని తరువాతి మోడల్ 'ఎ.టి.'కి ముందు భాగంలో నిజమైన తాళం, దానికొక ఇనుప తాళపుచెవి ఉండేవి. చెవి తిప్పితే కీబోర్డు పనిచేయదు, పెట్టె మూత కూడా ఊడిరాదు. మన బీరువా మాదిరే! ఆ తరువాత ఇనుప చెవి పోయి మాట చెవి వచ్చింది. మీట నొక్కగానే ఫర్మ్‌వేరే పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు అది.

ఈ ఏర్పాటు చాలా మిషన్లలో రెండు విధాలుగా ఉంటుంది. ఒకటి ప్రతిసారీ ఆన్ చేసినప్పుడు అడిగేది. అది చెప్పకపోతే యంత్రం ఒక్క అడుగు ముందుకు వేయదు. రెండవది సెట్టింగులకు మాత్రమే పెట్టేది. దీనిని యజమాని పాస్‌వర్డ్ అనుకోవచ్చు. రోజువారీ పనికి ఇది అడ్డురాదు. కాని డిస్కును వదిలి పెన్‌డ్రైవ్ నుంచి లేపాలన్నా, ఏ సెట్టింగు మార్చాలన్నా ఇది చెప్పవలసిందే. దుకాణాలకు ఈ రెండవదే ఎక్కువ అనుకూలం. పనిచేసే పిల్లలకు దాన్ని చెప్పనక్కరలేదు.

పెట్టడం కష్టమా అంటే, కాదు. మిషన్ ఆన్ చేయగానే ఎఫ్-2 గాని, డిలీట్ గాని, ఎఫ్-10 గాని వరుసగా నొక్కాలి. ఏది నొక్కాలో కంపెనీని బట్టి ఉంటుంది. మొదటి క్షణంలో తెర అడుగున అక్షరాల్లో కనిపిస్తుంది. లోపల 'సెక్యూరిటీ' అన్న పేజీలో పాస్‌వర్డు, 'బూట్' అన్న పేజీలో ఎవరిని ముందు లేపాలన్న వరుస ఉంటాయి. ఆ వరుసలో డిస్కును ముందుంచి, యు.ఎస్.బి. నుంచి లేవడాన్ని ఆపివేయాలి. ఇక్కడొక మెలిక ఉన్నది. కొన్ని మిషన్లలో పాస్‌వర్డ్ పెట్టినా ఎఫ్-12 వంటి మీట నొక్కితే వరుసను దాటి వెళ్లే దొడ్డిదారి మిగిలి ఉంటుంది. దాన్ని కూడా అదే పేజీలో మూయాలి. మూశాక పెన్‌డ్రైవ్ గుచ్చి ఒకసారి పరీక్షించి చూస్తేనే నమ్మకం.

విండోస్ చెరిపేసి మళ్లీ వేసినా ఈ తాళం చెక్కుచెదరదు. అది డిస్కులో లేదు గదా.

రెండు రూపాయల బిళ్లంత

అయితే ఈ తాళానికీ బలహీనత లేకపోలేదు. దుకాణాల్లో బల్ల కింద పెట్టే పెద్ద డబ్బా కంప్యూటర్లు ఉంటాయే, వాటి మదర్‌బోర్డు మీద రెండు రూపాయల బిళ్లంత బ్యాటరీ ఒకటి మెరుస్తూ కనిపిస్తుంది. సి.ఆర్. 2032 దాని పేరు, మూడు వోల్టులు. గోడ గడియారం అమ్మే ఏ దుకాణంలో అడిగినా ఇస్తారు. కరెంటు లేనప్పుడు కూడా తేదీ, సమయం మరవకుండా కంప్యూటర్‌ను కాపాడేది ఇదే. చాలా డబ్బా మిషన్లలో ఈ బిళ్ల కాసేపు తీసిపెట్టినా, దాని దగ్గరి చిన్న పిన్నును మార్చినా, ఫర్మ్‌వేర్ తన పాస్‌వర్డ్‌ను మరచిపోతుంది. స్క్రూడ్రైవర్ ఒక్కటి ఉంటే చాలు.

కనుక డబ్బాకు కూడా తాళం కావాలి. చాలా డబ్బాల వెనుక తాళం కప్ప పట్టే కొక్కెం ఒకటి ఉంటుంది. అది ఎందుకున్నదో తెలియక దానికి వైర్లు చుట్టిన వారిని ఈ రచయిత చూశాడు.

ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. వాటిలో చాలావరకు పాస్‌వర్డ్ వేరే చిప్పులో ఉంటుంది. బ్యాటరీ తీసినా పోదు. ఇది మంచికీ చెడుకూ కూడా. ఈ రచయిత బంధువుల అబ్బాయి ఇంజనీరింగ్ చదువుకని పట్నంలో ఒక దుకాణంలో పాత ల్యాప్‌టాప్ కొన్నాడు. ధర చవక, చూపులకు కొత్తదానిలా ఉన్నది. ఇంటికి తెచ్చి సెట్టింగులు మార్చబోతే పాత యజమాని పెట్టిన ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్ అడ్డుపడింది. అమ్మినవాడు తనకు తెలియదన్నాడు. కంపెనీవారు మొదట కొన్న బిల్లు తెమ్మన్నారు. బిల్లు ఎక్కడిది? విండోస్ పాడైన రోజున పెన్‌డ్రైవ్ నుంచి మళ్లీ వేసుకొనే దారి కూడా లేక ఆ మిషన్ మూలన పడింది. పాత ల్యాప్‌టాప్ కొనేవారు డబ్బు ఇవ్వకముందే, అమ్మేవాని ఎదుటనే, ఆ మొదటి పేజీలోకి వెళ్లి చూడడం మంచిది. అది తెరుచుకోకపోతే ఆ సరుకు ఎక్కడినుంచి వచ్చిందో కూడా అనుమానించవలసిందే.

డిస్కునే ఊడదీస్తే?

ఇంకా పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. దొంగకు మిషన్‌తో పనిలేదు. లోపలి డిస్కును ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే చాలు, అంతా చదవవచ్చు. ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్ యంత్రానికి కాపలా గాని, డిస్కులోని అక్షరాలకు కాదు.

అక్షరాలకు కాపలా కావాలంటే వాటినే గజిబిజి చేసి ఉంచాలి. ఎన్‌క్రిప్షన్ అంటే అదే. తాళపుచెవి ఉన్నవారికే అది తెలుగు, లేనివారికి పిచ్చిగీతలు. విండోస్‌లో దీనికి బిట్‌లాకర్ అనే ఏర్పాటు ఉన్నది. చవకరకం విండోస్‌లో కూడా చాలా కొత్త మిషన్లలో 'డివైస్ ఎన్‌క్రిప్షన్' అన్న పేరుతో దొరుకుతుంది. కొన్నిటిలో యజమానికి తెలియకుండానే తనంతట తాను ఆన్ అయి ఉంటుంది. లైనక్స్‌వారికి వారి ఏర్పాటు వారికున్నది. ఇది పెట్టిన డిస్కును ఊడదీసి ఎక్కడ తగిలించినా లాభం లేదు. ఈ రచయిత మిత్రుని పెన్‌డ్రైవ్ కూడా ఇక్కడ ఓడిపోయేది.

పెట్టేటప్పుడు అది 48 అంకెల ఒక సంఖ్య ఇస్తుంది. అదే ఆపద్ధర్మపు తాళపుచెవి. అసలు కథ ఇక్కడే ఉన్నది.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఒక తప్పుడు సవరణ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలబడ్డాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చిన రోజు అది. ఆ కాగితం ఫొటో దేశమంతా చూసింది. కూలబడిన మిషన్లను లేపడానికి ఇంజనీర్లు వెళితే, బిట్‌లాకర్ పెట్టిన ప్రతి దాని దగ్గరా తెర మీద ఒకటే ప్రశ్న - 48 అంకెలు చెప్పు అని. చాలాచోట్ల ఆ సంఖ్యలు దాచింది కూడా కంప్యూటర్‌లోనే! తాళపుచెవిని పెట్టెలోపల పెట్టి తాళం వేసినట్లయింది వారి పని.

ఫర్మ్‌వేర్ సెట్టింగులు కదిపినా బిట్‌లాకర్‌కు అనుమానం వచ్చి ఆ అంకెలే అడగవచ్చు. కనుక ముందుగా అంకెలు రాసిపెట్టుకొని, తరువాతనే ఫర్మ్‌వేర్ జోలికి వెళ్లాలి. ఈ వరుస తప్పితే దొంగకంటే ముందు యజమానే బయట నిలబడవలసి వస్తుంది.

ఎక్కడ రాసిపెట్టుకోవాలి? కాగితం మీదే. కాగితం ఊళ్లో ఈ సలహా ఇస్తే కొందరు నవ్వవచ్చు. కాని ఇంటర్నెట్ ద్వారా వచ్చే దొంగ ఎవడూ మన ట్రంకుపెట్టెలోని కాగితాన్ని చదవలేడు. కంప్యూటర్ ఉన్న గదిలో కాకుండా ఇంట్లో ఒకటి, నమ్మకమైన బంధువుల ఇంట ఒకటి ఉంచితే మేలు. ఇక్కడ ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. భద్రాచలం వద్ద గోదావరికి మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులు. 1986లో నది 75.6 అడుగులకు, 2022 జూలై 16న 71.3 అడుగులకు చేరింది. నదికి రెండు వైపులా లోతట్టు ప్రాంతాల్లో ఇళ్లలోకి నీరు వచ్చింది. అలాంటి రోజుల్లో తలుపులు మూసి పైకి వెళ్లిపోయిన దుకాణంలో కంప్యూటర్‌ను ఎవరు కాచారు? ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఆ కాగితాన్ని, వీలైతే డాక్యుమెంట్ల నకలు ఉన్న వేరొక డిస్కును, అటక మీద కాదు, గట్టున ఉన్న బంధువుల ఇంట్లో ఉంచుకోవడమే సరి.

అందరికీ ఒకే చెవి

ఇంత చేశాక దుకాణాల్లో జరిగే పని ఒకటి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. యజమాని, ఆయన తమ్ముడు, పనివాడు, పరీక్ష ఫలితాలు చూసుకోను వచ్చిన విద్యార్థి - అందరూ ఒకే ఖాతాలో, సర్వాధికారాలూ ఉన్న అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో కూర్చుంటారు. పాస్‌వర్డ్ చీటీ మీద రాసి మానిటర్‌కు అంటించి ఉంటుంది.

విండోస్‌లో ఎన్ని ఖాతాలైనా తెరుచుకోవచ్చు, ఖర్చు లేదు. సర్వాధికార ఖాతా యజమానికి ఒక్కరికే. పనివారికి సాధారణ ఖాతా. వచ్చిపోయేవారికి మూడవది. దాని నుంచి ఖాతాదారుల కాగితాల ఫోల్డర్ కనబడకూడదు. సాధారణ ఖాతాలో ఉన్నవారు కొత్త ప్రోగ్రాములు ఎక్కించబోతే యజమాని పాస్‌వర్డ్ అడుగుతుంది. అందువల్ల చాలా చీడ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. చాలా అంటే అంతా కాదు. 2017 మే నెలలో వనాక్రై అనే వైరస్ ప్రపంచమంతా వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది నెట్‌వర్క్ గుండా, విండోస్‌లోని లోపం గుండా వచ్చింది. దానికి మందు ఎప్పటికప్పుడు వచ్చే సవరణలు వేసుకోవడమే గాని ఫర్మ్‌వేర్ తాళం కాదు. విండోస్ 10కి మామూలు సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంకా దానితోనే నడుస్తున్నవారు గమనించాలి.

ఫర్మ్‌వేర్‌ను కూడా సవరించుకోవలసి ఉంటుంది. 1999 ఏప్రిల్ 26న సి.ఐ.హెచ్. అనే వైరస్ డిస్కును తుడిచివేయడమే గాక, కొన్ని మిషన్లలో ఈ చిప్పులోని రాతను కూడా చెరిపివేసింది. పెద్దకోడలే లేవకపోతే ఇల్లంతా నిద్రే. అప్పటినుంచి తయారీదారులు ఆ చిప్పును సులువుగా చెరపడానికి వీలులేని ఏర్పాట్లు పెంచుతూ వచ్చారు.

మార్చుకోలేని తాళం

ఇదంతా దుకాణదారుల గోల, మాకేమిటి అని గ్రామస్తులు అనుకోవచ్చు. పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఏమి జరిగిందో వింటే అలా అనుకోరు. అక్కడి సిమ్ కార్డుల వ్యాపారి ఒకడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూమి దస్తావేజుల నుంచి కొన్నవారి, అమ్మినవారి వేలిముద్రలు, ఆధార్ నంబర్లు తీసుకున్నాడు. ఆ ముద్రలకు రబ్బరు స్టాంపుల మాదిరి అచ్చులు తయారు చేసి, వాటితో వేలాది సిమ్ కార్డులు చేతనం చేశాడు. 2018 జూన్‌లో పోలీసులు అరెస్టు చేశారు. వాడు ఏ కంప్యూటర్ తాళమూ పగలగొట్టలేదు. కావలసినవన్నీ తెరిచే ఉన్నాయి.

పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకోవచ్చు. వేలిముద్రను ఏమని మారుస్తాం? అందువల్లనే ఆధార్‌లో వేలిముద్రలను స్తంభింపజేసే వీలు కల్పించారు. ఆధార్ యాప్‌లో గాని, ఆధార్ వెబ్‌సైట్‌లో గాని 'బయోమెట్రిక్ లాక్' పెట్టుకొని, డబ్బు తీసుకొనే రోజున విడిపించుకోవచ్చు. వేలిముద్రతోనే పింఛను, బ్యాంకు సొమ్ము తీసుకొనే వృద్ధులకు ప్రతిసారీ ఇది చికాకే. ఇంట్లో పిల్లలు సాయం చేయాలి. నంబరులో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ నకలు కూడా దొరుకుతుంది. చాలా పనులకు అది చాలు.

ఇంటర్నెట్ దుకాణాల్లో ఆధార్ దింపుకుంటే ఆ తరువాత ఆ నకళ్లన్నీ పూర్తిగా తుడిపించాలని 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. దానిని తప్పుగా అర్థం చేసుకొనే అవకాశం ఉందని రెండు రోజుల్లోనే ప్రభుత్వం ఉపసంహరించింది. ఉపసంహరణ సంగతి అలా ఉంచితే, ఆ సలహాలో తప్పేమీ లేదన్నది ఈ రచయిత అభిప్రాయం. నగరంలో సొంత కంప్యూటర్ ఉన్నవారికి అది అవసరం ఉండకపోవచ్చు. ఊరంతటికీ నాలుగు దుకాణాలే దిక్కయిన చోట మాత్రం అవసరం.

ఒకరి గుర్తింపు వివరాలను మోసంతో వాడితే సమాచార సాంకేతిక చట్టం, 2000, సెక్షన్ 66-సి కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. గంటలు గడిచేకొద్దీ సొమ్ము తిరిగి దొరికే ఆశ తగ్గుతుంది.

ఆ దుకాణం సంగతి. పరీక్ష జరిగిన సాయంత్రమే అబ్బాయి మిత్రుని పక్కన కూర్చోబెట్టుకొని, 48 అంకెలు రెండు కాగితాల మీద రాసుకున్నాడు. ఫర్మ్‌వేర్‌కు పాస్‌వర్డ్ పెట్టాడు, డబ్బాకు తాళం కప్ప వేశాడు. మానిటర్ మీది చీటీ చింపివేశాడు. ఆ తరువాత పాత ఫోల్డర్లు తుడవడం మొదలుపెట్టి రాత్రి తొమ్మిది దాకా కూర్చున్నాడు.

మరునాడు అమ్మమ్మ మళ్లీ వచ్చింది. "నీ కాగితాలు తీసేశానమ్మమ్మా. ఈసారి వచ్చేటప్పుడు ఒరిజినల్ తెచ్చుకో" అన్నాడు.

"తీసేసి ఏడేసినవు?" అని అడిగింది ఆమె.

అబ్బాయి ఒక్క క్షణం ఆగి రీసైకిల్ బిన్ తెరిచాడు. అన్నీ అందులోనే ఉన్నాయి.